రైళ్లు టైముకొచ్చిన రోజులు



పోయిన మీటింగ్ అయ్యాక కాఫీ తాగుతూ ఒక పెద్దాయన, "ఎమర్జెన్సీలో రైళ్లు టైముకొచ్చేవి, ఆఫీసుల్లో పనులయ్యేవి. మళ్లీ అట్లాంటి గట్టి చెయ్యి రావాల" అన్నారు. చుట్టూ తలలూగాయి. ఊపినవాళ్లలో మేమూ ఉన్నాం. ఇంటికొచ్చాక అదే మనసులో గుచ్చుకుంది.

1974 గుర్తులేకపోతే ఆ ముచ్చట అర్థం కాదు. ఆ ఏడు ధరలు పాతిక శాతానికి పైగా పెరిగాయి. మే నెలలో రైల్వే సమ్మె దాదాపు 20 రోజులు నడిచింది. అంత విసిగిన జనానికి 1975 జూన్ 25 తర్వాత సమ్మెలు ఆగిపోతే హాయిగానే అనిపించింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, ధరలు దిగాయి. వానల పుణ్యం కూడా ఢిల్లీ ఖాతాలోనే పడింది. ఇక్కడ కర్ణాటకలో దేవరాజ్ అరసు ప్రభుత్వం భూమి ట్రిబ్యునళ్లు పెట్టి కౌలుదార్లకు సాగుభూమి మీద హక్కులిస్తోంది. ఆ చట్టం ఎమర్జెన్సీకి ముందే, 1974లో అమల్లోకి వచ్చింది. కానీ చేతికి కాగితం అందినవాడు తేదీలు చూస్తాడా?

అదే రోజుల్లో మన బెంగళూరు సెంట్రల్ జైల్లో స్నేహలతా రెడ్డి ఉన్నారు. 'సంస్కార' సినిమాలో చంద్రిగా వేసినావిడ. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరు పఠాభి గారి భార్య. అంటే మనవాళ్లే. 1976 మేలో పట్టుకెళ్లారు. ఛార్జిషీటులో పేరు లేకపోయినా మీసా కింద ఉంచేశారు. ఆవిడకు ఆస్తమా. రాత్రిళ్లు ఆమె కేకలు వినిపించేవని అదే జైల్లో ఉన్న మధు దండవతే తర్వాత రాశారు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న పోయారు.

రెండు నెలలకే ఎన్నికలు. ఉత్తరప్రదేశ్‌లో 85, బీహార్‌లో 54 సీట్లుంటే కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. కర్ణాటకలో 28కి 26, ఆంధ్రలో 42కి 41 వచ్చాయి. మా ఇంటి పెద్దలూ ఆవుదూడ గుర్తుకే వేశారు, దాచేదేముంది.

ఉత్తరాదివాళ్లకు స్వేచ్ఛ మీద ప్రేమ ఎక్కువ, మనకు తక్కువ అని మేము అనుకోం. అక్కడ బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, బస్తీల కూల్చివేతలు గుమ్మం దాకా వచ్చాయి. ఇక్కడ అంత లేదు. పేపర్లకు సెన్సారు కాబట్టి అక్కడి సంగతీ తెలియలేదు, మన ఊరి జైలు సంగతీ తెలియలేదు. మేలు మన గుమ్మంలో, దెబ్బ ఎవరి వీపు మీదో. గట్టి చెయ్యి మీద మోజు అక్కడే పుడుతుందని మా లెక్క.

బెంగళూరు సౌత్ మాత్రం జస్టిస్ కె.ఎస్. హెగ్డేను గెలిపించింది. 1973లో సీనియారిటీని పక్కనపెట్టి జూనియర్‌ను చీఫ్ జస్టిస్ చేస్తే సుప్రీంకోర్టుకు రాజీనామా చేసినాయన. కాబట్టి ఊరి పరువు కొంత మిగిలింది.

స్నేహలత గారి జైలు డైరీ 1977లోనే అచ్చయింది. ఒక ప్రతి వెతికి ఆ పెద్దాయనకు ఇద్దామనుకుంటున్నాం. చదివాక రైళ్ల మాట ఆయనే మళ్లీ ఎత్తితే, కూర్చుని మాట్లాడుకుంటాం.