పిలుపు రాని జట్టు

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో బంతిని తన్నే ఆట స్ఫురిస్తుంది. అమెరికావారు అదే పేరుతో ఆడే ఆట వేరు. రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని చంకలో ఇరికించుకొని, ఎదుటి పదకొండుమందినీ తప్పించుకొంటూ, తోసుకొంటూ, వారి గీత దాటవలెను. కబడ్డీ చూచినవారికి ఆ పట్టూ, ఆ పెనుగులాటా కొత్తగా తోచవు. అక్కడ ఈ ఆట కళాశాలల్లోనే పుట్టి పెరిగినది. శరదృతువులో పోటీలు ముగిసిన పిమ్మట, ఘనంగా ఆడిన జట్లను కొన్ని నగరాలవారు నూతన సంవత్సరపు ‘బౌల్’ పోటీలకు ఆహ్వానించేవారు. ఆ పిలుపు వలన గౌరవమూ వచ్చేది, ధనమూ వచ్చేది.

1951లో శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయానికి ఆ రెండూ అవసరమే. జెసూట్ గురువులు నడిపే చిన్న సంస్థ అది; ఫుట్‌బాల్ ఖర్చు దానికి మోయరాని బరువైనది. శిక్షకుడు జో కూహరిచ్ కఠినుడు. ఆ ఏడు ఆయన జట్టు తొమ్మిది ఆటలాడి తొమ్మిదీ గెలిచినది. వాటిలో న్యూయార్కులో ఫోర్డ్‌హామ్ జట్టుతో ఆడిన ఆటను ప్రత్యేకంగా చెప్పుకోవలెను. ఆలీ మాట్సన్ అనే ఆటగాడు ఎదుటివారు తన్నిన బంతిని అందుకొని ఒకసారి 94 గజాలు, మరొకసారి 90 గజాలు పరుగెత్తి గీత దాటినాడు. జట్టు 32-26తో గట్టెక్కినది. ఆ ఏడాది మొత్తంమీద అతడు బంతితో పరుగెత్తి సాధించినది 1,566 గజాలు. దేశంలోని కళాశాల ఆటగాళ్లలో మరెవ్వరూ అంత సాధించలేదు.

మాట్సన్ నల్లజాతివాడు. జట్టులో మరొక నల్లజాతి యువకుడు బర్ల్ టోలర్. దక్షిణ రాష్ట్రాల బౌల్ నిర్వాహకులకు వచ్చిన చిక్కు అదే. పైకి వినిపించిన సాకు వేరు: ఈ జట్టు ఓడించినవారు అంత బలవంతులు కారట! అందులో కొంత నిజం లేకపోలేదు. శాన్ హొసే జట్టుతో రెండుసార్లూ, సైనిక స్థావరాల జట్లతో రెండుసార్లూ ఆడిన మాట వాస్తవం. కాని ఆ ఇద్దరినీ ఇంటివద్ద వదలి వచ్చే పక్షంలో పిలుపు రాగలదని జట్టుకు కబురు అందినప్పుడు, ప్రత్యర్థుల బలాబలాల ప్రసక్తి ఏమైనట్లు?

జట్టు ఒప్పుకోలేదు. వారిలో జీనో మార్చెట్టి వంటివాడు ఐరోపా రణరంగంలో పోరాడి వచ్చి కళాశాలలో చేరినవాడు. ఇది తర్జనభర్జనలు పడవలసిన విషయంగా వారికి తోచలేదు. ఇటువంటి ఘట్టాలు వచ్చినప్పుడు మనవంటి వ్రాతగాళ్లకు పాత్రలచేత ఉపన్యాసాలు చెప్పించాలని చేయి దురద పెడుతుంది. ఇక్కడ ఉన్నది ఒక్క ‘కాదు’ మాత్రమే. ఆ మాటకు వెల చెల్లింపవలసి వచ్చినది. బౌల్ సొమ్ము రాలేదు. ఆ ఋతువు ముగియగానే విశ్వవిద్యాలయం ఆ స్థాయి ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పినది. ఇద్దరిని విడువనన్న జట్టు తానే లేకుండా పోయినది.

మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగులో కాంస్యమూ, రిలేలో రజతమూ గెలుచుకొన్నాడు. అతడూ, మార్చెట్టీ, బాబ్ సెయింట్ క్లేర్, ఒకే కళాశాల జట్టునుండి ముగ్గురు, తరువాత వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరానికి ఎక్కినారు. టోలర్‌కు మాత్రం 1952లోనే మోకాలు దెబ్బతిన్నది. ఆడే యోగం పోయినది. ఉపాధ్యాయుడైనాడు. 1965లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అతడిని క్రీడా నిర్ణేతగా తీసుకొన్నది. నల్లజాతివారిలో ఆ పదవి పొందినది అతడే మొదట. 1980 జనవరిలో ఆ లీగ్ అంతిమ పోటీ, సూపర్ బౌల్, పాసడీనాలోని రోజ్ బౌల్ మైదానంలో జరిగినప్పుడు నిర్ణేతలలో టోలర్ ఒకడు. 1951 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు లయోలాను 20-2తో ఓడించి తన ఆఖరి ఆట ముగించినది ఆ మైదానంలోనే.