ఇక చాలన్నవారు

అమెరికాలో రాష్ట్ర గవర్నరు ఓట్లతో గెలిచే నాయకుడు. మళ్లీ నిలబడనని ఆయన ప్రకటిస్తే అక్కడ ఆ రోజుకు అదే పెద్ద వార్త. మన దగ్గర రాజ్యాంగంలోని 155వ అధికరణం కింద రాష్ట్రపతి గవర్నరును నియమిస్తారు. 156వ అధికరణం ఐదేళ్ల గడువు చెబుతూనే, రాష్ట్రపతి అభీష్టం ఉన్నంత కాలమే ఆ పదవి అంటుంది. గవర్నరు నరసింహన్ గారు 2009 నుంచి 2019 దాకా మన రాజ్‌భవన్‌లో ఉన్నారంటే ఆ పొడిగింపు ఢిల్లీ చేతిది. కనుక "ఈ పాలికి చాలు" అన్న మాట మన నేల మీద వినాలంటే, ఓట్లడిగే వీధుల్లోనే వినాలి. ఉత్తరాంధ్ర వీధుల్లో తిరిగి ఓట్లడిగినవారిలో ముగ్గురు ఆ తర్వాత గవర్నర్లయ్యారు. వారి ప్రయాణాలు ఒకచోట పెట్టి చూడదగ్గవి.

మొదటివారు వి.వి.గిరి. 1937లో బొబ్బిలిలో సాక్షాత్తు బొబ్బిలి రాజానే ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం ఆయనకు మింగుడుపడలేదు. 1954లో రాజీనామా చేసి బయటికొచ్చారు. ఉత్తరాంధ్ర ఓటరు పంపిన మనిషి కేంద్ర మంత్రి పదవిని అలా వదిలేయడం, నా దృష్టిలో, ఆయన తర్వాత చేరిన రాష్ట్రపతి భవన్ కన్నా గొప్ప ఘట్టం.

1957లో పార్వతీపురం. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. ఓట్ల లెక్క తేలేసరికి రెండు స్థానాల్లోనూ గిరిజన అభ్యర్థులే గెలిచారు, గిరి ఓడిపోయారు. జనరల్ స్థానం గిరిజనుడికి ఎలా దక్కుతుందని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లొచ్చిన గిరిజనుడు జనరల్ స్థానంలోనూ గెలవవచ్చని కోర్టు తేల్చింది. జనరల్ స్థానం దక్కిన సూరి దొర గెలుపు నిలిచింది. మన్యం ఓటు బలాన్ని దేశమంతటికీ తెలియజెప్పిన తీర్పు అది. 1961లో చట్టం చేసి ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలనే ఎత్తేశారు. గిరి మాత్రం 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరుగా వెళ్లారు, తర్వాత కేరళ, ఆపైన మైసూరు. అంటే ఆయన ఓట్ల బాట వదలడం ఓటమి తర్వాతి మాట.

రెండోవారు కంభంపాటి హరిబాబు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగు పాఠాలు చెప్పి రాజకీయాల్లోకొచ్చినవారు. 1999లో ఎమ్మెల్యే, 2014లో విశాఖ ఎంపీ. 2019లో ఆయన పోటీ చేయలేదు. 2021లో మిజోరం గవర్నరు, 2025 జనవరి నుంచి ఒడిశా గవర్నరు.

మూడోవారు పూసపాటి అశోక్ గజపతిరాజు. 1978లో జనతా పార్టీ తరఫున విజయనగరం నుంచి మొదలుపెట్టి ఏడుసార్లు శాసనసభకు వెళ్లారు. 2004లో ఒక ఇండిపెండెంటు చేతిలో ఓడి, 2009లో మళ్లీ గెలిచారు. 2014లో ఎంపీ అయి కేంద్ర విమానయాన మంత్రిగా పనిచేశారు. ప్రత్యేక హోదా విషయంలో ఆయన అప్పటి పార్టీ తెలుగుదేశం కేంద్ర ప్రభుత్వం నుంచి బయటికి రావడంతో 2018లో ఆ పదవి వదిలారు. 2019లో ఓడాక, 2024లో బరిలోకి దిగలేదు. 2025 జులైలో పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేసి గోవా గవర్నరుగా ప్రమాణం చేశారు. పెద్దరికం నిలుపుకుంటూ తప్పుకున్న తీరుకు చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ విజయనగరం శాసనసభ స్థానంలో 2024లో ఆయన కుమార్తె అదితి పోటీ చేశారు. ఆమెను జనమే ఓటేసి గెలిపించారు, ఆ తీర్పును గౌరవించాలి. అయినా నలభై ఏళ్లుగా జెండా మోసిన కార్యకర్తకు ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఆ ప్రశ్న మా పొందూరుకూ తగులుతుంది. మేం ఓటేసేది ఆమదాలవలసలో. 2014, 2019, 2024 మూడు ఎన్నికల్లోనూ కూన రవికుమార్, తమ్మినేని సీతారాం గార్లే ముఖాముఖి. ఇద్దరూ సమర్థులే. శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో ఒకప్పుడు ఎర్రన్నాయుడు గారు, 2014 నుంచి ఆయన కుమారుడు రామ్మోహన్ నాయుడు. మా ఊళ్లో సన్ననూలు వడికే పెద్దమ్మలకు వారసులు దొరకడం లేదు. వాళ్ల ఖద్దరు కట్టుకునే నాయకుల ఇళ్లలో మాత్రం ఆ కొరత లేదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

పార్టీల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి నిలబడనని అనుకున్న నాయకుడు ఆ మాట ఎన్నికలకు ఏడాది ముందే ప్రజల మధ్య చెప్పాలి. ఆ తర్వాత టిక్కెట్టు ఎవరికివ్వాలో మండలాల్లోని కార్యకర్తలను అడగండి. పొందూరు నుంచే మొదలుపెట్టండి.