పోయిన త్రేన్పు

మా గిలకలదిండిలో బోట్లు పోటు చూసుకుని కదులుతాయి. మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది కాబట్టి నీళ్ళు తగ్గినప్పుడు వస్తే అడుగు తగులుతుంది. వేట నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఒడ్డు కళ్ళెదుట కనబడుతున్నా నీళ్ళు లేచేదాకా సముద్రంలోనే కాచుకుని కూర్చోవడం మాకు కొత్త కాదు. పొలాల వైపు వెళితే ఇంకో తంటా. మురుగు కాలవలు సముద్రంలో కలిసే చోట, ఉప్పునీరు చేల మీదికి ఎగదన్నకుండా తలుపులు పెడతారు. ఆ తలుపు సరిగ్గా మూసుకోకపోతే చేను చౌడు పట్టిపోతుంది. మూసుకున్నది మళ్ళీ తెరుచుకోకపోతే, గట్టి వాన పడ్డ రోజున ఎగువ చేలన్నీ మునుగుతాయి. రెండో బాధ వానొచ్చేదాకా ఎవరికీ గుర్తు రాదు.

ఇది చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ణే. నా పొట్ట సంగతికి వచ్చేసరికి మాత్రం తట్టలేదు.

పన్నెండేళ్ళ పాటు పుల్లటి త్రేన్పులతో బతికాను. రాత్రి పడుకుంటే పుల్లనీళ్ళు గొంతులోకి వచ్చేవి, దగ్గుతో లేచి కూర్చునేవాణ్ణి. మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాను. మాత్రలతో మంట తగ్గింది గానీ నీళ్ళు ఎగదన్నడం ఆగలేదు. ఎండోస్కోపీ చేసి హయటస్ హెర్నియా అన్నారు. పొట్ట పైభాగం డయాఫ్రం సందులోంచి రొమ్ములోకి జారిందన్నమాట. నాలుగేళ్ళ కిందట ఒక నగరంలో ఫండోప్లికేషన్ అనే ఆపరేషన్ చేయించుకున్నాను. జారినదాన్ని కిందికి లాగి, సందు బిగించి, పొట్ట పైభాగాన్ని అన్నవాహిక అడుగు చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుట్టేస్తారు. ఆపరేషన్‌ని తిట్టడానికి ఇది రాస్తున్నానని అనుకోకండి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పుల్లనీళ్ళు ఒక్కసారి కూడా రాలేదు. ఇటుకలు తీసేశాను.

ఆరోవారంలో ఇంటికొచ్చినప్పుడు అమ్మ పండుగప్ప పులుసు పెట్టింది. ఇన్నాళ్ళూ జావల మీద ఉన్నవాణ్ణి, ఎప్పటిలాగే తిన్నాను. అరగంటకి డొక్కల కింద పొట్ట డప్పులా బిగుసుకుంది. త్రేన్పు రొమ్ము దాకా వచ్చినట్టే వచ్చి అక్కడ ఆగిపోయింది. "గోలీసోడా తాగరా, అదే పోద్ది" అన్నాడు నాన్న. మా ఊళ్ళో ఏ తరం వాడైనా అదే చెబుతాడు, అప్పటిదాకా నాకూ అది పనిచేసింది. తాగాను. సోడాలో గాలి లోపలికెళ్ళింది, బయటికి రాలేదు. కక్కుదామంటే అదీ రాదు. తెల్లారేదాకా హార్బర్ రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. గాలి చివరికి వెళ్ళవలసిన దారిన వెళ్ళింది. వాతాపిని అరిగించుకున్న అగస్త్యుడికీ గాలి ఆ దారినే వెళ్ళిందని భారతం చెబుతుంది. పిల్లల పొట్ట నిమురుతూ వాతాపిని తలుచుకునే తల్లులు ఆ ముక్క మాత్రం దాటేస్తారు.

ఆ రాత్రి తరవాతే త్రేన్పు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఉన్నన్నాళ్ళూ దాని గురించి ఎవరు ఆలోచిస్తారు? చంటిబిడ్డకి పాలు పట్టగానే భుజాన వేసుకుని వీపు తట్టేది దానికోసమే. దూర్వాసుడూ ఆయన శిష్యులూ ఏట్లో స్నానం చేస్తూనే బ్రేవుమని త్రేన్చి, ఇక పాండవుల ఇంట తినలేమని దారి పట్టడం మనందరికీ తెలిసిన కథ. మా మామ్మ విస్తరి దగ్గర కూర్చున్నవాడి త్రేన్పు వినబడేదాకా గరిటె కింద పెట్టేది కాదు. యోగశాస్త్రంలో ప్రాణాపానాదులు కాక మరో ఐదు ఉపవాయువులు చెప్పి, అందులో మొదటిదైన నాగవాయువుకి త్రేన్పు పని అప్పగించారు. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఆపకూడని వేగాలు 13 ఉన్నాయి. మలమూత్రాలు, ఆకలి, నిద్ర, కన్నీళ్ళతో పాటు వాంతీ, త్రేన్పూ ఆ జాబితాలోవే. త్రేన్పుని ఆపుకుంటే ఎక్కిళ్ళు, ఆయాసం, అరుచి, వణుకు, గుండె దగ్గరా రొమ్ములోనూ పట్టేసినట్టు ఉండటం వస్తాయంటాడు. ఆయన చెప్పింది కావాలని బిగపట్టుకునేవాడి గురించి, కుట్లు వేయించుకున్నవాడి గురించి కాదు. మనవాళ్ళకి అన్నీ ముందే తెలుసని నేను అనబోవడం లేదు. త్రేన్పుని లెక్కలో వేసుకోవలసిన విషయంగా చూశారు, అంతవరకే.

ఆపరేషన్ పుట్టిన చోట ఆ లెక్క లేదు. దాన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ నిస్సెన్ 1896లో జర్మనీలో పుట్టాడు. బెర్లిన్‌లో ప్రసిద్ధుడైన సావర్‌బ్రుఖ్ దగ్గర పనిచేస్తూ 1931లో 12 ఏళ్ళ అమ్మాయికి ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తీసి బతికించాడు. యూదు కుటుంబం వాడు కావడంతో 1933లో దేశం విడిచి ఇస్తాంబుల్ చేరాడు. అక్కడ 1936లో ఒక 28 ఏళ్ళ యువకుడికి, అన్నవాహిక పొట్టతో కలిసే చోట పుండు పడితే, ఆ భాగం కోసేసి మిగిలిన కొసని పొట్టకి అతికించాడు. అతుకు ఊడుతుందేమోనన్న భయంతో చుట్టూ పొట్ట మడతలు కప్పి కుట్టాడు. చేసింది అతుకు కాపాడటానికే. ఏళ్ళ తరవాత చూస్తే అన్నవాహికలో పులుపు ఎగదన్నిన జాడ లేదు. ఆ సంగతి ఆయన మనసులో ఉండిపోయింది.

మధ్యలో అమెరికా వెళ్ళాడు. 1948లో బ్రూక్లిన్‌లో ఐన్‌స్టీన్ పొట్ట తెరిచి, ఉబ్బిన బృహద్ధమనికి సెల్లోఫేన్ చుట్టినవాడు ఈయనే. (చుట్టడమంటే ఆ చేతికి ఎందుకో అంత నమ్మకం.) ఐన్‌స్టీన్ ఆ చుట్టుతో 1955 ఏప్రిల్ దాకా బతికాడు. ఆ ఏడాది చివర్లోనే, అప్పటికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి మారిన నిస్సెన్, 49 ఏళ్ళ స్త్రీకి పుల్లనీళ్ళ కోసమని పనిగట్టుకుని ఈ చుట్టు వేశాడు. 1956లో అచ్చువేసిన చిన్న వ్యాసం శీర్షికలోనే ఇది సులువైన ఆపరేషన్ అని పెట్టాడు. వెయ్యడం సులువే. ఆ తొలి చుట్టు పొడవు సుమారు 6 సెంటీమీటర్లు.

సులువైన ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో కొందరికి మింగుడు పడలేదు, కొందరికి నాలాగే పొట్ట డప్పయింది. దీనికి పేరు రావడానికి 1971 దాకా పట్టింది. ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్, ఆయన సహచరులు 'గ్యాస్ బ్లోట్ సిండ్రోమ్' అన్నారు. పదిహేనేళ్ళు! ఆ మధ్యకాలంలో ఎంతమంది డాక్టర్ ముందు కూర్చుని 'ఏదోలా ఉందండీ' అని, 'మంట తగ్గిందా లేదా?' అన్న ఎదురు ప్రశ్నకి తలూపి ఇంటికెళ్ళారో. పేరు లేని బాధ రోగి చాదస్తంగా మిగులుతుంది. నేను కూడా మొదటి రెండు నెలలూ మా ఇంట్లో చాదస్తపు మనిషినే.

అసలు కారణం ఇంకా తరవాత తెలిసింది. అన్నవాహిక అడుగున ఉండే కండరం బలహీనపడటం వల్లే పులుపు పైకొస్తుందని అంతా అనుకునేవారు. 1980లో జాన్ డెంట్, ఆయన సహచరులు ఆరోగ్యవంతుల అన్నవాహికలో ఒత్తిడి కొలిచి చూస్తే, ఆ కండరం గట్టిగా ఉన్నవాళ్ళలో కూడా మింగడంతో పని లేకుండా అప్పుడప్పుడు కాసేపు వదులవుతోందని, పులుపు ఎక్కువగా అప్పుడే పైకొస్తోందని తేలింది. అలా వదులవడం ఎందుకు? పొట్ట పైభాగం గాలితో సాగినప్పుడు, వేగస్ నరం ద్వారా కబురందుకుని తలుపు తెరుచుకుంటుంది. గాలి పోవడానికి. అంటే త్రేన్పుకీ పుల్లనీళ్ళకీ తలుపు ఒకటే. నిస్సెన్ ఒకదాన్ని బిగిస్తున్నాననుకుని రెండూ బిగించాడు. మా మురుగు కాలవ తలుపు అలాంటిదే కదా అని ఇది చదివిన రోజున నవ్వొచ్చింది.

అక్కడి నుంచి ఈ ఆపరేషన్ చరిత్రంతా చుట్టు వదులు చేసుకుంటూ వచ్చిన చరిత్రే. ఫ్రాన్స్‌లో జాక్ డోర్ 1962లో ముందువైపు మాత్రమే, ఆండ్రే టుపె 1963లో వెనకవైపు నుంచి మాత్రమే కప్పే పద్ధతులు చెప్పారు. చుట్టూ పూర్తిగా బిగించకుండా కొంత జాగా వదలడం అందులో కిటుకు. 1977లో డానహ్యూ, బాంబెక్ వదులుగా చుట్టే నిస్సెన్ పద్ధతి తెచ్చారు. 1986లో డిమీస్టర్ 100 మంది రోగుల లెక్క అచ్చువేశాడు: చుట్టు పొడవు 4 సెంటీమీటర్ల నుంచి 1కి తగ్గిస్తే, ఎడతెగని మింగుడు బాధ 21 శాతం నుంచి 3 శాతానికి దిగింది. 1991లో బెల్జియంలోని లీజ్‌లో డాల్మాన్య్ ఇదే పనిని ల్యాప్రోస్కోపీలో చేసి చూపించాక, కోత చిన్నదైంది కాబట్టి చేయించుకునేవాళ్ళు పెరిగారు. కోత చిన్నదైనంత మాత్రాన లోపల చుట్టు మారదని గుర్తుండాలి.

2011లో లోటస్ అనే ఐరోపా అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 554 మందిని రెండుగా చేసి సగం మందికి మాత్రలు, సగం మందికి ఆపరేషన్. ఐదేళ్ళ తరవాత పుల్లనీళ్ళు మాత్రల జట్టులో 13 శాతానికి, ఆపరేషన్ జట్టులో 2 శాతానికి. పొట్ట ఉబ్బరం మాత్రల జట్టులో 28, ఆపరేషన్ జట్టులో 40. ఈ 28ని నేను చాలాసేపు చూశాను. కత్తి తగలని పొట్టలు కూడా ఉబ్బుతున్నాయి. ప్రతి ఉబ్బరాన్నీ కుట్ల మీదికి నెట్టడం నా అలవాటైపోయింది, అది పూర్తిగా న్యాయం కాదు. పన్నెండేళ్ళు గొంతులో పులుపు దిగడానికి గుటకలు మింగినవాణ్ణి. గుటకతో పాటు గాలీ దిగుతుంది. మునుపు అది త్రేన్పై పోయేది. ఇప్పుడు పులుపు లేకపోయినా గుటక అలవాటు పోలేదు.

అందుకని ఈ నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది ఎక్కువగా గుటక గురించే. మాట్లాడుతూ తినను, బంధువులు దీన్ని పొగరనుకున్నారు. అన్నం మెత్తగా వండించుకుని, ముద్ద సగం చేసి, రోజుకి ఐదుసార్లు కొంచెం కొంచెం తింటాను. గట్టి అన్నం, మాంసం ముక్క తొందరపడితే రొమ్ము వెనకాల ఆగిపోతాయి. అప్పుడు నీళ్ళు గడగడా తాగకూడదు, ఊరుకోవాలి. సోడా, స్ట్రా, చూయింగ్ గమ్ మానేశాను. రాత్రి భోజనం చీకటి పడకముందే. తిన్నాక హార్బర్ దాకా నడక. పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీయడం ఒకావిడ నేర్పింది, మాత్రలకన్నా అది నయం. చాలామందికి ఏడాది లోపల చాలావరకు సర్దుకుంటుంది, నాకూ కొంత సర్దుకుంది. సర్దుకోనివాళ్ళకి బిగుతు చోట బెలూన్‌తో సాగదీస్తారు, మరీ తప్పకపోతే పూర్తి చుట్టు విప్పి సగం చుట్టు వేస్తారు. మళ్ళీ కోయించుకోవడమా అన్నది నేను తేల్చుకోలేదు. పులుపు తిరిగొస్తుందేమోనన్న భయం ఉబ్బరం కన్నా పెద్దదని చెప్పగలను.

పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించాను. పోయిన మాఘంలో తప్పక వెళ్ళినచోట వడ్డించేవాడు బందరు హల్వా రెండోసారి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పక్క విస్తరి పెద్దాయన "ఒక్క త్రేన్పైనా రాలేదు, అప్పుడే చాలంటావేంటి బాబూ" అన్నాడు. ఏం చెప్పను?

మొన్న నాలుగో ఏటి పరీక్షకి వెళితే ఒక ఫారం ఇచ్చారు. మంట ఉందా, పుల్లనీళ్ళు వస్తున్నాయా, రాత్రి దగ్గు ఉందా, మాత్రలు వాడుతున్నారా. నాలుగింటికీ లేదు, లేదు, లేదు, లేదు. కింద కాస్త ఖాళీ ఉంటే అక్కడ 'త్రేన్పు రాదు' అని రాసి ఇచ్చాను. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో ఎక్కిస్తూ, దీన్ని ఎందులో వెయ్యాలండీ అని అడిగింది.