రిపేరుకిచ్చిన పోస్టరూ, అజంతా వార్నీషూ

ఓ పాత సినిమా పోస్టరు బాగుచేయించడానికి నాకు పట్టింది తొమ్మిది నెలలు, పద్నాలుగు వేలు, లింగంపల్లి నుంచి వికారాబాద్‌కి ఆరుసార్లు రైలు ప్రయాణం. చివరికి చేతికొచ్చింది పోస్టరు కాదు, పోస్టరు లాంటిది. క్లయింట్ల మీద జోకులేసుకునే మనం ఒక్కసారి క్లయింటు కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది ఆ బాధేంటో.

మాది తాండూరు. మా తాత అక్కడ ఒక టాకీసులో పోస్టర్లు అంటించేవాడు. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, ఆ బకెట్టు సైకిల్‌కి తగిలించుకుని ఊరంతా తిరిగేవాడు. పోస్టరు అడుగున ఒక తెల్ల కాగితం చీటీ అతికించి, టాకీసు పేరూ, ఆట మొదలయ్యే తేదీ కుంచెతో రాసేవాడు. తెలుగులో ఒక వరస, ఉర్దూలో ఒక వరస. నిజాం కాలంలో ఉర్దూ చదువు చదివినవాడు కదా, తెలుగు అక్షరాల కన్నా ఉర్దూ అక్షరాలే ఆయన చేతిలో అందంగా వచ్చేవట. అలా చీటీ అతికించి, ఎందుకో గోడకెక్కించని 'గుండమ్మ కథ' పోస్టరు ఒకటి ఆయన ట్రంకు పెట్టెలో దొరికింది. ఎనిమిది మడతలు. ముట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది.

సినిమా పోస్టరు అసలు మిగలడమే విచిత్రం. అది వారం రోజులు బతకడానికి పుట్టిన కాగితం. గోడ మీదవి వానకి పోయేవి, లేదా మైదా రుచి మరిగిన ఆవులకి పోయేవి. మిగిలినవి పిల్లల పుస్తకాలకి అట్టలయ్యేవి. కాగితం కూడా చవక రకం, దానిలోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అందుకే పసుపెక్కి పెళుసవుతుంది. (అన్నట్టు, పోస్టర్లని మొదట్లో రాతి మీద గీసే అచ్చేసేవారు. 1790ల్లో సెనెఫెల్డర్ అనే జర్మన్ కనిపెట్టిన పద్ధతి. ఆయన వాడింది బవేరియా సున్నపురాయి. మా తాండూరు బండా సున్నపురాయే, కాకపోతే మేం దాని మీద బట్టలుతుక్కున్నాం.)

'ఓ చిరుగు కాగితానికి ఇంత గోలెందుకు?' అంటారా? మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి చెప్పుకున్నాం, వార్షికోత్సవాలూ చేసుకున్నాం. తర్వాత జర్నలిస్టు రెంటాల జయదేవ గారు ఆనాటి కాగితాలన్నీ తవ్వి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. చూసి చెప్పడానికి మిగిలింది కాగితం ముక్కలే. ఇక పోస్టర్ల వెనకున్న మనుషుల సంగతైతే, ఈశ్వర్ గారు (2021లో పోయారు) 'సినిమా పోస్టర్' అని ఒక పుస్తకం రాయబట్టి మనకి నాలుగు పేర్లైనా తెలుస్తున్నాయి. 'గుండమ్మ కథ' 1962 జూన్‌లో వచ్చిందని అందరికీ తెలుసు. తాండూరుకి ఎప్పుడొచ్చింది? అది ఏ పుస్తకంలోనూ ఉండదు. మా తాత చీటీ మీద ఉంది.

ఉండేది.

పోస్టర్లు బాగుచేసే ఆయన సిటీ వదిలేసి, వికారాబాద్‌లో అనంతగిరి దారిలో ఇల్లు కట్టుకున్నాడని ఒక స్నేహితుడు చెప్పాడు. 2018 జూన్‌లో ఇచ్చాను. ఆరు వేలు, నెల రోజులు అన్నాడు. నెల తర్వాత 'జపాన్ కాగితం రావాలి సార్' అన్నాడు. దసరాకి 'తేమ ఎక్కువగా ఉంది'. సంక్రాంతికి ఫోనెత్తలేదు. వెళ్తే గేటు దగ్గర కుక్క ఒక్కటే పలకరించింది. మధ్యలో ఆరు వేలు తొమ్మిదయ్యాయి, తొమ్మిది పద్నాలుగయ్యాయి. స్కోప్ క్రీప్ అంటాం కదా, సేమ్ టు సేమ్. కాకపోతే ఇక్కడ స్కోపు పెంచింది ఆయనే, నన్ను అడక్కుండా.

2019 మార్చిలో చేతికిచ్చాడు. తళతళా మెరుస్తోంది. మడతలు లేవు. సావిత్రి గారి బుగ్గల మీద కొత్త గులాబి రంగు. మొత్తాన్నీ గట్టి అట్టకి వేడి మీద అతికించి, పైన ప్లాస్టిక్ పొర వేశాడు. అంచులు నీటుగా కోశాడు. దాంతో ప్రెస్సు పేరుండే వరసా పోయింది, చీటీ కూడా పోయింది. అడిగితే, 'ఆ మురికి కాగితమా సార్? బొమ్మకి అడ్డంగా ఉందని తీసేశా' అన్నాడు.

ప్రెస్సు పేరు ఊరికే అలంకారానికి వేసేది కాదు. అచ్చైన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరూ ఊరూ ఉండాలని అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్సు చట్టం చెప్పేది. ఎవరు, ఎక్కడ అచ్చేశారో చెప్పే సాక్ష్యం ఆ ఒక్క వరసే.

పద్ధతి ప్రకారం చేసేవాళ్లు ఎలా చేస్తారో తర్వాత చదివి తెలుసుకున్నా (ముందే చదవాల్సింది, ఒప్పుకుంటా). సాగదీసిన గుడ్డ మీద ఆమ్లం లేని కాగితం వేసి, దాని మీద పోస్టరుని గోధుమ గంజి జిగురుతో అతికిస్తారు. గంజే ఎందుకంటే, రేపు ఎవరైనా తడిపి ఊడదీసుకోవచ్చు. మన భాషలో రోల్‌బ్యాక్. మా తాత బకెట్లోదీ దాదాపు అదే జిగురు, మైలుతుత్తం తీసేస్తే! ప్లాస్టిక్ పొరకి రోల్‌బ్యాక్ లేదు. ఊడదీస్తే బొమ్మ కూడా దాంతోనే వస్తుంది.

ఈ విషయంలో నాకన్నా పెద్ద కస్టమరు ఒకాయన ఉన్నాడు. మీర్ ఉస్మాన్ అలీఖాన్, ఏడో నిజాం. అప్పట్లో అజంతా కూడా మా వికారాబాద్ లాగే హైదరాబాద్ రాజ్యంలోదే. గులాం యజ్దానీ గారు పురావస్తు శాఖ చూస్తున్న రోజుల్లో, బొమ్మలు రాలిపోతున్నాయని ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీనీ, ఆయనకి సాయంగా ఓర్సీనీ అనే ఆయన్నీ రప్పించారు. 1920 నుంచి 1922 దాకా పని చేశారు. ఊడుతున్న గచ్చుని గోడకి పట్టించారు. అది మంచి పనే, అది చేయకపోతే ఇంకెన్ని రాలిపోయేవో. కానీ ఆ తర్వాత రంగులు మెరవాలని పైన లక్క వార్నీషు పూశారు. కొన్నేళ్లకి వార్నీషు పసుపెక్కింది, నెర్రెలిచ్చింది, కింద రంగుని కూడా పట్టుకుని పెచ్చులుగా లేవడం మొదలెట్టింది. తర్వాత పురావస్తు శాఖ కెమిస్టులకి ఆ పూత తీయడమే ఏళ్ల తరబడి పని అయింది. ఒకరి రిలీజు ఇంకొకరికి బగ్ ఫిక్సు!

వాళ్లకైనా ఒక సాకుంది, ఆ రోజుల్లో యూరప్‌లోనూ బొమ్మలకి వార్నీషు వేసేవాళ్లు. 2018లో వికారాబాద్‌లో ఏం సాకుందో మీరే చెప్పండి.

2010లో 'మాయాబజార్'కి రంగులేసినప్పుడు చాలామంది తిట్టారు. నాకు కోపం రాలేదు. ఎందుకంటే 1957 నాటి నలుపు తెలుపు బొమ్మ ఎక్కడికీ పోలేదు, కావాలంటే ఇప్పుడూ చూసుకోవచ్చు. వాళ్లు కాపీ తీసి దాని మీద పనిచేశారు. నా పోస్టరు మీద పని నేరుగా ప్రొడక్షన్‌లో జరిగింది, బ్యాకప్ లేకుండా. బ్యాకప్ లేకపోవడం మాత్రం ఆయన తప్పు కాదు, నాదే. రోజూ సర్వర్లకి బ్యాకప్‌లు తీసేవాణ్ణి, ఇచ్చేముందు సరైన ఫొటో ఒకటి తీసుకోలేదు.

తాండూరు తీసుకెళ్లి చూపిస్తే మా అమ్మ బొమ్మని చూడనే లేదు. కింద వేలు పెట్టి, 'మీ తాత రాసింది ఏడబాయెరా?' అంది.

ఇంటి వాట్సాప్ గ్రూపులో వెతికితే ఒక్క ఫొటో దొరికింది. నేనే తీసింది. మొహాలు బాగా పడ్డాయి. అడుగున చీటీ సగమే ఉంది, ఉర్దూ వరసలో పై కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. సంవత్సరం ఉండాల్సిన చోట నా బొటనవేలుంది. 63 అని అమ్మ అంటుంది. పెదనాన్న మాత్రం 64 అంటాడు, ఆ ఏడు తన పెళ్లంట, కొత్త కోడలితో కలిసి చూశాడంట.