సత్యజిత్ రే: బాల్యము, కుటుంబ సంస్కారము

సత్యజిత్ రే (1921–1992) వంగదేశపు చలనచిత్ర దర్శకుడు, రచయిత, చిత్రకారుడు. కలకత్తాలోని గర్పార్ వీథియందు, నివాసమును ముద్రణాలయమును ఒకే కప్పు క్రింద నున్న యింట, 1921 మే 2వ తేదీన జన్మించెను. పితామహుడు ఉపేంద్రకిశోర్ రేచౌధురి బాలసాహిత్యకర్త, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు. ఛాయాచిత్రములను అచ్చొత్తుటకు వాడు హాఫ్‌టోన్ బ్లాకుల నిర్మాణమున స్వయంకృషిచే నూతన విధానములను కనుగొని, 1913లో ‘సందేశ్’ అను పిల్లల పత్రికను నెలకొల్పెను. తండ్రి సుకుమార్ రే ఇంగ్లండున ముద్రణశాస్త్రము నభ్యసించి వచ్చి, హాస్యకవిత్వముచే వంగశిశువుల నలరించి, కాలా అజార్ వ్యాధిచే 1923లో ముప్పదియైదేండ్లకే దివంగతుడయ్యెను.

అప్పటికి రెండేండ్ల ప్రాయము దాటిన బాలునకు తండ్రి దక్కినది జ్ఞాపకములయందుకంటె మిక్కిలిగా ఆయన విడిచిన పుస్తకములయందును, బొమ్మలయందును, ఆ ముద్రణాలయమునందునే. బ్లాకులు చేయు గదిలో పనివాడు తన్ను పైకెత్తి, పెద్ద కెమెరా అద్దముపై తలక్రిందులుగా నిలిచిన బొమ్మను చూపుటయు, అచటి టర్పెంటైను వాసనయు ఆయన తన బాల్యస్మృతులయందు ప్రీతితో వర్ణించెను.

కొన్నియేండ్లకు ఆ ముద్రణ వ్యాపారము దివాలా తీయగా, తల్లి సుప్రభ కుమారునితో భవానీపురమందలి సోదరుని యింట జేరి, వితంతువుల విద్యాలయమున ఉపాధ్యాయినిగా పనిచేసి బిడ్డను పెంచెను. తాతతండ్రుల ప్రతిభను కొనియాడుచు ఈ తల్లి శ్రమను విస్మరించుట న్యాయము గాదు. ఇష్టము లేకున్నను రే శాంతినికేతనమునకు వెళ్లి నందలాల్ బోసు మున్నగువారికడ చిత్రకళ నభ్యసించుట ఆమె ప్రోద్బలముననే. సొమ్ము చాలక రే తొలి చిత్రమగు ‘పథేర్ పాంచాలి’ నిర్మాణము నిలిచిపోయినప్పుడు, ఆమె పరిచయముల మూలమున ఆ సంగతి ముఖ్యమంత్రి విధానచంద్ర రాయ్ చెవిని బడి, రాష్ట్ర ప్రభుత్వ ద్రవ్యముతో ఆ చిత్రము 1955లో వెలువడెను.

రచయిత, చిత్రకారుడు, ముద్రాపకుడు వేర్వేరు వ్యక్తులు గానక్కరలేని యింట పుట్టినవాడగుటచేతనే, చిత్రకథ, సంగీతము, ప్రకటనపత్రములు, తుదకు అక్షరముల రూపకల్పనయు తానే చేసికొనుట ఆయనకు సహజమైనదని మా అభిప్రాయము. ఆ ముద్రణాలయమును, ఒంటరి తల్లిని తలపించు ఘట్టములు ఆయన చిత్రములయందును గలవు: ‘అపరాజితో’ (1956) చిత్రమున కథానాయకుడగు అపు కలకత్తాలో ఒక ముద్రణాలయమున పనిచేయుచు చదువుకొనును. ఊరిలో ఒంటరియైన తల్లి వానికొరకు నిరీక్షించుచునే కన్నుమూయును.

1961లో, ఆగిపోయిన ‘సందేశ్’ పత్రికను రే కవి సుభాష్ ముఖోపాధ్యాయతో గూడి పునరుద్ధరించెను. తాత వ్రాసిన కథ 1969లో ‘గూపీ గాయెన్ బాఘా బాయెన్’ అను చిత్రమయ్యెను. తండ్రి శతజయంతి సందర్భమున, 1987లో ఆయనపై లఘుచిత్రమును నిర్మించెను. రే చిత్రములను శ్రద్ధతో పరిశీలింపగోరువారు సుకుమార్ రే బొమ్మలను, కవితలను ముందుగా చూడవలయును.