బనీను మీద బొమ్మ

మా ఆడపడుచు కూతురు డిజైను కాలేజీలో చదువుతోంది. ఒక దసరా సెలవులకి మా ఇంటికొచ్చి ఆరు తెల్లటి టీషర్టులూ, గుడ్డ బిగించిన ఒక చెక్క చట్రమూ, రంగుల డబ్బాలూ భోజనాల బల్ల మీద పరిచింది. "ప్రాజెక్టు అత్తా! వీటి మీద బొమ్మలు వేసి పట్టుకెళ్ళాలి. మార్కులున్నాయి" అంది.

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఒక చొక్కా ఎత్తి చూశారు. "ఇవి బనీన్లే కదే! బనీన్ల మీద బొమ్మలెయ్యడానికా మీ నాన్న అంతంత ఫీజులు కడుతున్నాడు?"

పిల్ల మొహం చిన్నబోయింది. నాకు నవ్వొచ్చింది గానీ, చెప్పొద్దూ, అత్తగారన్నది అక్షరాలా నిజం. టీషర్టు పుట్టడం పుట్టడం బనీనుగానే పుట్టింది. 1913లో అమెరికా నౌకాదళం వాళ్ళు నావికులకి యూనిఫారం కింద తొడుక్కోమని పొట్టి చేతుల నూలు బనీన్లిచ్చారు. పైన ఏమీ లేకుండా దానితోనే నలుగురిలోకి రావడం మర్యాద కాదు. 1951లో మార్లన్ బ్రాండో ఒక సినిమాలో ఒంటికతుక్కున్న బనీనుతోనే తెర మీద తిరిగేసరికి కుర్రకారుకి అదే ఫ్యాషనైపోయింది. పెద్దలు ముక్కు మీద వేలేసుకున్నారు. ముక్కు మీద వేలేసుకోవడంలో ఏ దేశం పెద్దలైనా ఒకటే లెండి!

అన్నట్టు, బనీను అనే మాట మన దేశంలోంచి వెళ్ళి మళ్ళీ మన దేశానికే వచ్చింది. గుజరాతీ బనియాలని చూసి, ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో తొడుక్కునే ఒక వదులు అంగీకి 'బనియన్' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు అక్కడా ఇక్కడా తిరిగి తిరిగి చివరికి మన లోచొక్కాకి అంటుకుంది.

దాని మీదకి రాతలూ బొమ్మలూ ఎప్పుడెక్కాయంటారా? 1942లో 'లైఫ్' పత్రిక ముఖచిత్రంగా ఒక సైనికుడి ఫొటో వేశారు. అతని టీషర్టు మీద వైమానిక తుపాకుల శిక్షణ పాఠశాల ముద్ర ఉంది. 1948లో డ్యూయీ అనే ఆయన అమెరికా అధ్యక్ష పదవికి నిలబడితే, ఆయన పేరుతో చిన్నపిల్లల టీషర్టులు అచ్చేశారు. ఎన్నికలో డ్యూయీ ఓడిపోయాడు. ఆ చొక్కా మాత్రం అక్కడి మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఈ కబుర్లన్నీ చెబుతుంటే అత్తగారు ఊఁ కొట్టారు గానీ కరగలేదు. ఆవిడ చూపంతా మనవరాలి చేతుల మీదే ఉంది. ఆ పిల్ల చట్రానికి బిగించిన సన్నటి జాలీగుడ్డకి ఏదో జిగురుమందు పూసి చీకట్లో ఆరబెట్టింది. దాని మీద నల్లటి బొమ్మ ఉన్న పారదర్శకపు కాగితం పెట్టి దీపం వెలుగు చూపించింది. వెలుగు తగిలిన చోట మందు గట్టిపడుతుంది. బొమ్మ నీడ పడిన చోట మెత్తగానే ఉండి, నీళ్ళు పోస్తే కరిగిపోతుంది. ఆ సందుల్లోంచి రంగుని రబ్బరు బద్దతో లాగితే చొక్కా మీద బొమ్మ దిగుతుంది. ఎన్ని రంగులుంటే అన్ని చట్రాలు కావాలి. "అందుకే అమ్మమ్మా, రెండు రంగుల్లోనే తేల్చెయ్యాలి. ఖర్చు" అంది. ఎరుపూ, నలుపూ తీసుకుంది.

ఎరుపూ నలుపూ అనేసరికి నాకు కలంకారీ గుర్తొచ్చింది. మన కాళహస్తిలో బట్టని కరక్కాయా పాలూ కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు. పాలలోని జిడ్డు వల్ల గీత పాకకుండా నిలబడుతుంది. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి నలుపు తీస్తారు. పటిక పూసిన చోట చిరివేరు రంగు ఎర్రగా పట్టుకుంటుంది. వెనక మన తీరంలో ఇలా రాసిన బట్టల కోసం పరాయి దేశాలవాళ్ళు ఓడలేసుకుని వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో కొట్టు పెట్టుకున్నారంటే, అందులో మన అద్దకాల ఆకర్షణ తక్కువేం కాదు. వాళ్ళు తమకి కావలసిన పువ్వుల నమూనాలు పంపిస్తే, మనవాళ్ళు వాటిని చూసి తమ చేతి వాటం కలిపి రాసి పంపేవారు.

అవి అక్కడ ఎంత మోజు పుట్టించాయంటే, ఫ్రాన్సు 1686లోనే ఈ అద్దకపు బట్టల్ని నిషేధించింది. 1719లో లండనులో, కడుపు మండిన నేతగాళ్ళు మన దేశపు పూల అద్దకాలు కట్టుకున్న ఆడవాళ్ళని వీధుల్లో తరిమి, బట్టలు చింపి, సిరా చల్లారు. ఓడలు నడిపిందీ లాభం తిన్నదీ వర్తకులు, చిరిగింది మాత్రం ఆడవాళ్ళ గౌన్లూనూ! నేతగాళ్ళ ఆకలి అబద్ధం కాదు, కానీ దానికి వాళ్ళేం చేస్తారు? 1721లో చట్టమే వచ్చింది, అలాంటి బట్ట కట్టకూడదని.

ఇంత గొడవ జరిగిందే, ఆ పువ్వులు రాసిన మచిలీపట్నం చేతుల్లో ఎన్నింటి పేర్లు మనకి తెలుసు? మ్యూజియంలో ఆ బట్టల కింద ఊరి పేరుంటుంది, కాలం ఉంటుంది.

ఈ రోజుల సంగతీ అంతంతమాత్రమే. 1971లో అమెరికాలో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కేరొలిన్ డేవిడ్సన్ అని ఒక డిజైను విద్యార్థిని ఉండేది. ఆయిల్ రంగులు కొనుక్కోవడానికి డబ్బు లేదని ఆవిడ అంటుంటే, అక్కడే అకౌంటింగు పాఠాలు చెప్పే ఫిల్ నైట్ విని, తన బూట్ల వ్యాపారానికి ఒక గుర్తు వెయ్యమన్నాడు. ఆవిడ తీసుకున్నది 35 డాలర్లు. అదే నైకీ గుర్తు! ఇప్పుడది కనపడని టీషర్టుల కొట్టు లేదు. 1983లో కంపెనీవాళ్ళు పిలిచి వజ్రం పొదిగిన ఉంగరమూ, కొన్ని షేర్లూ ఇచ్చారు. పన్నెండేళ్ళకైనా గుర్తొచ్చింది, సంతోషం. అదే పేరున్నవాళ్ళ విషయం వేరు. న్యూయార్కుని ప్రేమిస్తున్నానంటూ ఎర్రటి హృదయం బొమ్మతో ఉండే టీషర్టు చూసే ఉంటారు. ఆ బొమ్మని మిల్టన్ గ్లేజర్ 1976లో టాక్సీలో వెళ్తూ ఒక కవరు మీద గీశాడు. డబ్బు తీసుకోలేదు. అయితే ఆయన అప్పటికే పెద్ద చిత్రకారుడు, పేరు ఆయనకి దక్కింది.

ఇంతకీ మన పిల్ల ఏం వేసిందో చెప్పలేదు కదూ? ముగ్గు. వాళ్ళ అమ్మమ్మ ధనుర్మాసంలో వేసే మెలికల ముగ్గు. ఏడు చుక్కలు, నాలుగొచ్చేవరకు. దానికి ఎర్రటి మెలికలూ, నల్లటి చుక్కలూ. అద్దిన మొదటి చొక్కా మావారు తొడుక్కున్నారు. బనీను గుడ్డ సాగుతుంది కదా, ఆయన పొట్ట దగ్గర చుక్కలు దేనికది దూరదూరంగా వెళ్ళిపోయాయి. అత్తగారు మొదటిసారి నవ్వారు.

పిల్లకి మార్కులు బాగానే వచ్చాయి. అసలు గొడవ తరవాత వచ్చింది. కాలేజీ ఉత్సవానికి ఆ ముగ్గునే ఎంచి, వందల చొక్కాలు అచ్చేయించి అమ్మారు. పిల్ల పేరు ఎక్కడా వెయ్యలేదు, మాట మాత్రం చెప్పలేదు. ఫోను చేసి ఒకటే ఏడుపు. "నేను గీసింది అత్తా! కనీసం కాలర్ లోపలైనా పేరెయ్యకూడదూ?"

స్పీకరులో పెట్టి వింటున్న మా అత్తగారు నెమ్మదిగా, "నువ్వెక్కడ గీశావే? అది మా అమ్మ నేర్పిన ముగ్గు. నీ ప్రాజెక్టు కాగితంలో నా పేరు రాశావా?" అన్నారు.

అటువైపు ఏడుపు ఆగిపోయింది. చాలాసేపు మాట లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తనే సొంతంగా ఇంకో నాలుగు చొక్కాలు అద్ది తెచ్చింది. మెడ లోపల చిన్న అక్షరాల్లో ముందు అమ్మమ్మ పేరు, కింద తన పేరు. కాలేజీవాళ్ళకి ఉత్తరం కూడా రాసిందట, ఇంకా జవాబు రాలేదు. అత్తగారు చొక్కా తిరగేసి, పేరు చదువుకుని, మళ్ళీ తిప్పి ముగ్గంతా వేలితో ఒకసారి నడిచి చూశారు.

"మూడో వరసలో మెలిక తప్పింది. ఇలా తే, చూపిస్తాను" అన్నారు.