గురక పెడితే బాగా నిద్రపోయినట్టేనా? ధాత కరువు నుంచి నైట్ షిఫ్టు దాకా

ఈరోజు కథ మా ఇంట్లోంచే మొదలుపెడతా. మా నాయన మంచం మీద వాలిన రెండు నిమిషాలకే గురక మొదలయ్యేది. పక్కింటిదాకా వినిపించేది. "మావోడు కుంభకర్ణుడు, అదృష్టవంతుడు, నిద్రకి లోటు లేదు" అని మా జేజి మురిసిపోయేది. మరి అంత నిద్రపోయే మనిషి పొద్దున్నే తలనొప్పితో ఎందుకు లేస్తాడు? బస్సులో సీటు దొరికితే చాలు ఎందుకు తూగుతాడు? ఈ ప్రశ్న మా ఇంట్లో ఎన్నో ఏళ్లు ఎవరూ అడగలేదు. ఒళ్లు పెరిగింది, షుగర్ వచ్చింది, అప్పుడు కూడా అడగలేదు. "అన్నం తగ్గించు" అన్నాం. అంతే.

ఎప్పుడూ తిండి గురించే ఎందుకు అడుగుతాం? నా లెక్కలో దీనికి జవాబు మన సీమ చరిత్రలో ఉంది.

1876లో వానలు పోయాయి. అది ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 మొదట్లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ ఒక లెక్క వేశాడు: కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌండు ధాన్యం, పైన ఒక అణా చాలు. పౌండు అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది చాలదని గట్టిగా వాదించాడు. 1871 జనాభా లెక్కలకీ 1881 లెక్కలకీ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. నాలుగో వంతు, ఫ్రెండ్స్!

అలాంటి నేలలో ఆరోగ్యం అంటే కడుపు నిండటమే. మనిషి కాస్త ఒళ్లు చేస్తే ఇంట్లో గింజలు ఉన్నాయని అర్థం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. జొన్న, కొర్ర, సంగటి ముద్ద తినే ఇళ్లలో రోజూ వరి అన్నం మొదలైంది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ మన లెక్క మాత్రం కంచం దగ్గరే ఆగిపోయింది.

ఈలోగా ఇంకోటి మారింది. అదే రాత్రి. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అవుతూనే రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. బోరు రైతుకి పెద్ద ఊరట. అయితే త్రీఫేజు కరెంటు విడతలుగా వచ్చేది, ఒక విడత చాలాసార్లు రాత్రిపూటే. మా నాయన రాత్రి రెండు గంటలకి టార్చిలైటు పట్టుకుని మోటరు వేయడానికి పోయేవాడు. పదేళ్ల తర్వాత నేను హైదరాబాద్‌లో అమెరికా టైముకి కోడ్ రాస్తూ తెల్లారగట్ల మూడింటికి బిర్యానీ తిన్నా. పనులు వేరు, పోయిన నిద్ర ఒకటే.

నిద్ర పోతే షుగర్‌కి ఏమవుతుంది? 1999లో చికాగో యూనివర్సిటీలో 11 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. నిద్ర తీరా పోయినప్పటితో పోలిస్తే, వాళ్ల రక్తంలోంచి గ్లూకోజ్ దాదాపు 40 శాతం నెమ్మదిగా తగ్గింది. కేవలం ఆరు రాత్రులకే!

బరువు ఎక్కువ ఉన్నవాళ్ల సంగతి? 2010లో అదే ఊళ్లో పది మందికి ఒకే రకంగా తిండి తగ్గించారు. రెండు వారాలు ఎనిమిదిన్నర గంటల నిద్ర అవకాశం, ఇంకో రెండు వారాలు ఐదున్నర గంటలే. రెండుసార్లూ బరువు ఇంచుమించు ఒకేలా తగ్గింది. కానీ నిద్ర తక్కువైనప్పుడు కరిగిన కొవ్వు సగం కంటే తక్కువ, పోయింది ఎక్కువగా కండ. అంటే కడుపు మాడ్చుకుని, రాత్రి రీల్స్ చూస్తూ కూర్చుంటే ఆ కష్టమంతా కండ మీద పడుతుందన్నమాట.

ఇప్పుడు గురక దగ్గరికి వద్దాం. గొంతు చుట్టూ కొవ్వు పేరుకుంటే నిద్రలో గాలి దారి మూసుకుపోతుంది. కొన్ని సెకన్లు ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనిషికి తెలియకుండానే రాత్రంతా ఇదే తంతు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ప్రతిసారీ ఒత్తిడి హార్మోన్లు ఎగజిమ్ముతాయి, ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినదు. పొద్దున అలసట, ఆకలి, కదలబుద్ధి కాదు. బరువు మళ్లీ పెరుగుతుంది, గొంతు ఇంకా ఇరుకవుతుంది. గానుగెద్దులా అదే చుట్టూ తిరగడం.

చూసేవాళ్లు మాత్రం ఏమంటారు? తిండిపోతు, నిద్రపోతు, సోమరి. నిజానికి ఆ మనిషికి నిద్రే లేదు.

1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సల్లివాన్, ముక్కుకి మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే పద్ధతిని ప్రచురించాడు. ఇప్పటి సీప్యాప్ మెషీన్ అదే. దాంతో షుగర్ మాయం కాదు, మందులు మానేయకూడదు. కానీ పగటి తూగు చాలామందికి తగ్గుతుంది, బండి నడిపేవాళ్లకి అది ప్రాణం. బరువు పది శాతం తగ్గినా ఆప్నియా బాగానే తగ్గుతుంది.

నాయనకి పోయినేడాది నిద్ర పరీక్ష చేయించాం. రిపోర్టు చూసి మా జేజి ఒకటే మాట అంది: "ఇన్నేళ్లు వాడు నిద్రపోలేదంట్రా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి ఈ రాత్రి ఒక పని చేయండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మీ నాయనదో, అమ్మదో గురక వినండి. మధ్యలో సద్దు ఆగి, ఒక్కసారిగా ఎగశ్వాస వినిపిస్తే డాక్టర్‌కి వినిపించండి. "తిన్నావా" అని అడిగే మన సీమలో ఇకనుంచి "నిద్ర పట్టిందా" అని కూడా అడుగుదాం. ఉంటా ఫ్రెండ్స్, ఈ వీడియో అర్ధరాత్రి చూస్తుంటే మాత్రం ఇక్కడే ఆపేసి పడుకోండి.